ముందు నీళ్లు, తర్వాత సబ్బు: షేవింగ్ సబ్బు, పటిక, ఆఫ్టర్ షేవ్ మన ముఖానికి కుదుర్చుకునే పద్ధతి

కొత్త షేవింగ్ సబ్బు తెచ్చుకున్నవాళ్లు సబ్బును పరీక్షిస్తారు. నల్గొండ, పాలమూరు వైపు ఉండేవాళ్లు అంతకన్నా ముందు నీళ్లను పరీక్షించాలి. ఈ సంగతి నాకు తెలిసేలోపు ఒక మంచి సబ్బు రెండు నెలల పాటు అనవసరంగా మాటలు పడింది. ఇంట్లో బోరు నీళ్లతో ఎంత తిప్పినా బ్రష్ మీద తెల్లటి తరకలు కనిపించేవే తప్ప నురుగు నిలిచేది కాదు. బుగ్గకు పూసిన నిమిషానికే ఆరిపోయేది. బ్లేడు ఆగి ఆగి లాగేది. సబ్బు నాసిరకమని తేల్చేసి అలమరలో వెనక్కి నెట్టేశాను.

ఆ తర్వాత ఒక పెళ్లికి నాగార్జునసాగర్ దగ్గరున్న బంధువుల ఇంటికి వెళ్తూ, చేతికి అందిందని ఆ డబ్బానే సంచిలో వేసుకున్నాను. అక్కడ కుళాయిలో వచ్చేవి కృష్ణా నీళ్లు. అదే సబ్బు, అదే బ్రష్, తిప్పింది అదే చెయ్యి. అర నిమిషంలో మీగడ పెరుగులాంటి నురుగు గిన్నె అంచు దాకా లేచింది. ఆ రోజు గీసుకున్న గడ్డం సాయంత్రం దాకా మంట పెట్టలేదు, దురద పెట్టలేదు.

అప్పటి నుంచి సబ్బు, పటిక, ఆఫ్టర్ షేవ్ ఏది కొత్తగా తెచ్చుకున్నా ఒక వరుస ప్రకారం చూసుకుంటున్నాను. ట్యూబులో క్రీము, డబ్బాలో గాలి నురుగు అలవాటైనవాళ్లు పాత పద్ధతికి మారాలనుకుంటే ఈ వరుస పనికొస్తుంది. నెల రోజుల ఓపిక కావాలి.

బోరు నీళ్లు, భగీరథ నీళ్లు, క్యాను నీళ్లు

మన దగ్గర నీళ్ల మాట వస్తే ముందుగా ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపు ఎన్నో కుటుంబాలు దానివల్ల పడిన బాధ చిన్నది కాదు. అయితే నురుగు రాకపోవడానికి కారణం ఫ్లోరైడ్ కాదు. కారణం నీటి కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం. సబ్బులోని కొవ్వు ఆమ్లాలను ఇవి పట్టుకుని, నీళ్లలో కరగని తరకలుగా మారుస్తాయి. బకెట్ అంచున పేరుకునే బూడిదరంగు జిడ్డు అదే. నురుగుగా మారవలసిన సబ్బు ఆ జిడ్డు కింద ఖర్చైపోతుంది. తాగునీటికి దేశంలో పాటించే ఐ.ఎస్. 10500 ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దారి లేని చోట 600 దాకా ఒప్పుకుంటారు. షేవింగ్ సబ్బుకు 200 కూడా ఎక్కువే.

దీన్ని కొలవడానికి యంత్రం అక్కర్లేదు. ఆ నీళ్లలో కందిపప్పు తొందరగా ఉడకకపోతే, నీళ్లు కాచే హీటరు రాడ్డుకు నెల తిరక్కుండా తెల్లటి గుల్ల కడితే, అవి కఠినమైన నీళ్లే. ఇంకా స్పష్టంగా తెలియాలంటే మూడు ఖాళీ నీళ్ల సీసాలు తీసుకోండి. ఒకదాంట్లో బోరు నీళ్లు, ఒకదాంట్లో మిషన్ భగీరథ కుళాయి నీళ్లు, మూడోదాంట్లో ఆర్వో క్యాను నీళ్లు మూడో వంతు వరకు పోయండి. షేవింగ్ సబ్బును గోటితో గీరి, కందిగింజంత చొప్పున మూడింటిలోనూ వేసి, మూత బిగించి ఇరవై సార్లు గట్టిగా ఊపండి. అయిదు నిమిషాలు ఆగి చూడండి.

మా ఇంట్లో చేసినప్పుడు ఆర్వో సీసాలో నాలుగు వేళ్ల ఎత్తు నురుగు అలాగే నిలబడింది. అడుగున నీళ్లు తేటగా ఉన్నాయి. భగీరథ నీళ్లలో రెండు వేళ్లు. బోరు సీసాలో నురుగు లేదు. విరిగిన పాలలా తెల్లటి పలుకులు తేలుతున్నాయి. మా ఆవిడ చూసి, బట్టల సబ్బు ఎందుకు అంత తొందరగా అరిగిపోతోందో ఇప్పుడు తెలిసిందన్నది. ఈ పరీక్షకు చేతులు కడుక్కునే లిక్విడ్ గానీ షాంపూ గానీ వాడకండి. వాటిలో ఉండేది డిటర్జెంటు రకం. అది కఠినమైన నీళ్లలో కూడా నురుగిచ్చి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

బోరు నీళ్లు తప్ప వేరేవి లేకపోతే ఏం చేయాలి? నీళ్లు మరిగించి చల్లార్చి పైతేట తీసుకుంటే కాఠిన్యంలో ఒక భాగం, బైకార్బొనేట్ల వల్ల వచ్చేది, అడుగున తెల్లగా దిగిపోతుంది. సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది మరిగించినా పోదు. అంతకన్నా తేలిక దారి ఉంది. గడ్డానికి కావలసిన మంచి నీళ్లు ఎన్నో కాదు. బ్రష్ నానడానికి, నురుగుకు కలిపి ఒక టీ గ్లాసు, చివర ముఖం కడగడానికి ఒక చెంబు. ఆ మాత్రం క్యాను నీళ్లు పక్కన పెట్టుకుంటే చాలు. మధ్యలో రేజర్ కడుక్కోవడానికి బోరు నీళ్లే వాడవచ్చు. చివరి చెంబును మాత్రం మానకండి. బోరు నీళ్లతో కడిగితే ఆ తరకలే చర్మం మీద పలచగా మిగిలి, ముఖం బిగిసినట్టు ఉంటుంది. చాలామంది ఆ బిగువును సబ్బు తప్పుగా రాసుకుంటారు.

ఏమేం కావాలి

మా నాన్న సామాను ఒక బిస్కెట్ డబ్బాలో సరిపోయేది. అల్యూమినియం గిన్నె, కర్రపిడి బ్రష్, గుండ్రటి సబ్బు బిళ్ల, ఇత్తడి మీద పూత పూసిన రేజర్, కాగితంలో చుట్టిన పటిక ముక్క. ఆదివారం పొద్దున నులక మంచం వాకిట్లో వేసుకుని, కిటికీ చువ్వకు అద్దం తగిలించుకుని కూర్చునేవాడు. ఇప్పుడు మనకు కావలసింది కూడా అంతే.

సబ్బు: షేవింగ్ సబ్బు అని రాసి ఉన్నదే కొనాలి. ఒంటి సబ్బు పనికిరాదు. కారణం చెబుతాను. సబ్బు తయారీలో సోడియం క్షారం వాడితే గట్టి సబ్బు వస్తుంది. పొటాషియం క్షారం వాడితే మెత్తగా, తొందరగా కరిగేది వస్తుంది. ఒంటి సబ్బు ఎక్కువగా సోడియంతో చేసినది. దాని నురుగులో బుడగలు పెద్దవి, చూస్తుండగానే కూలిపోతాయి. మంచి షేవింగ్ సబ్బులో రెండు క్షారాలూ ఉంటాయి. నురుగు నిలవడానికి స్టియరిక్ ఆమ్లం, పొంగడానికి కొబ్బరి నూనె లాంటివి, తేమ ఆరకుండా గ్లిజరిన్ వేస్తారు. అట్ట మీద స్టియరిక్ ఆమ్లం, పొటాషియం హైడ్రాక్సైడ్ ముందు వరుసలో కనిపిస్తే నమ్మకంగా తీసుకోవచ్చు. విదేశీ సబ్బుల్లో కొన్నిటిని పశువుల కొవ్వుతో చేస్తారు. వద్దనుకునేవారు టాలో అనే మాట ఉందేమో చూసుకోవాలి.

బ్రష్: అడవిపంది వెంట్రుకలవి, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలవి, కృత్రిమ పోగులవి దొరుకుతాయి. కొత్తవాళ్లకు నా సలహా కృత్రిమ పోగుల బ్రష్. నానబెట్టే పని లేదు, తొందరగా ఆరుతుంది, జంతువుల వెంట్రుకలు ముఖానికి తగలడం ఇష్టం లేనివారికీ ఇబ్బంది ఉండదు. పంది వెంట్రుకల బ్రష్ మొదట బిరుసుగా ఉంటుంది. వాడగా వాడగా కొసలు చీలి మెత్తబడుతుంది. దాన్ని ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు నానబెట్టాలి.

రేజర్: రెండు వైపులా అంచున్న బ్లేడు పెట్టే పాత సేఫ్టీ రేజర్. పారేసే బ్లేడు పెట్టుకునే ఈ పద్ధతికి కింగ్ క్యాంప్ జిల్లెట్ 1904లో అమెరికాలో పేటెంటు పొందాడు. చేతి కత్తి గురించి ఇక్కడ రాయడం లేదు. దానికి పక్కన నేర్పే మనిషి ఉండాలి.

ఇవన్నీ ఒకే చోట దొరక్కపోవచ్చు. సబ్బు, బ్లేడ్లు నల్గొండ ప్రకాశం బజార్‌లోనో, మహబూబ్‌నగర్ గడియారం చౌరస్తా చుట్టుపక్కలో ఫ్యాన్సీ దుకాణాల్లో అడగండి. పటిక ఏ కిరాణా కొట్లోనైనా ఉంటుంది. బ్రష్ మంచిది కావాలంటే హైదరాబాద్ బేగంబజార్ వెళ్లినప్పుడు చూసుకోవడం మేలు. చేత్తో పట్టుకుని, కొసలు బుగ్గకు ఆనించి చూసి కొనవలసిన వస్తువు అది.

ముఖం మీద వాలు చూసుకోవడం

రెండు రోజుల గడ్డం పెరిగాక, సబ్బు తాకకముందే ఈ పని చేయాలి. వేలి కొసలతో బుగ్గ మీద అన్ని వైపులా రాయండి. నున్నగా జారే వైపు వెంట్రుకల వాలు. గరుకుగా తగిలే వైపు ఎదురు. తేడా తెలియకపోతే చిన్న దూది ఉండతో రాయండి. ఎదురు వెళ్లినప్పుడు పోగులు చిక్కుకుంటాయి. బుగ్గల మీద చాలామందికి వాలు కిందికే ఉంటుంది. మెడ దగ్గర అలా కాదు. గొంతు ముడి పక్కన అడ్డంగా, కొందరికి పైకి, కొందరికి చిన్న సుడిలా తిరిగి ఉంటుంది. గడ్డం గీసుకున్నాక మెడ మీద ఎర్రటి పొక్కులు వచ్చేవాళ్లు ఒక్కసారి ఇది చూసుకుంటే సగం జవాబు దొరుకుతుంది. కాగితం మీద ముఖం గీసి బాణాలు వేసుకోండి. ఆ కాగితాన్ని అద్దం పక్కన అంటించండి.

నురుగు

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇక్కడ పెట్టాలి. మా ఊళ్లో పెళ్లికొడుకును చేసేటప్పుడు గడ్డం గీసే నాయీబ్రాహ్మణ పెద్దాయన ఒకరుండేవారు. అదే చేతులతో సాయంత్రం సన్నాయి పట్టేవారు. ఆయన ఒకసారి నా బ్రష్ తిప్పుడు చూసి, “బాబూ, సబ్బు మీద గంధం అరగదీసినట్టు తిప్పాలి, గిన్నెలో చల్ల చిలికినట్టు తిప్పాలి” అన్నారు. రెండు పనులకూ రెండు రకాల చెయ్యి కావాలని ఆ ఒక్క మాటతో అర్థమైంది.

ముందుగా సబ్బు బిళ్ల మీద ఒక చెంచా గోరువెచ్చని నీళ్లు పోసి వదిలేయండి. ఆ మధ్యలో వేడి నీళ్లతో ముఖం కడుక్కోండి, లేదా వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు రెండు మూడు నిమిషాలు గడ్డానికి పట్టించండి. వెంట్రుక నీళ్లు పీల్చుకుంటే మెత్తబడుతుంది, తెగడం తేలికవుతుంది. స్నానం చేసి వెంటనే గీసుకుంటే ఈ తువ్వాలు పని కూడా ఉండదు. ఎండాకాలంలో పాలమూరులో మధ్యాహ్నం డాబా మీది నల్లటి ట్యాంకు నీళ్లు వాటంతట అవే మరిగినట్టు వస్తాయి. అవి చేత్తో చూసి వాడండి. ముఖం కాలేంత వేడి మంచిది కాదు. కొబ్బరినూనె రాసి దాని మీద సబ్బు పెట్టే అలవాటు కొందరికి ఉంది. నూనె నురుగును చంపేస్తుంది. సబ్బును పరీక్షించే నెల రోజులు మానండి.

ఇప్పుడు సబ్బు మీది నీళ్లను ముఖానికి రాసేయండి. బ్రష్‌ను ముంచి రెండుసార్లు విదిలించండి. నీళ్లు కారకూడదు, అలాగని పూర్తిగా పిండకూడదు. సబ్బు మీద గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టండి. మొదటి పది సెకన్లు పెద్ద బుడగలు వస్తాయి. వాటిని చూసి ఆపేవాళ్లే ఎక్కువ. ఆపకండి. ఇరవై సెకన్లకు బుడగలు తగ్గి, ముప్పై సెకన్లకు బ్రష్ కొసల మీద చిక్కటి ముద్ద పేరుకుంటుంది. గంధం రాయి మీద తీసిన ముద్దలా, అంటుకునేలా ఉండాలి. ఇది ఎత్తుకున్న సబ్బు మాత్రమే, ఇంకా నురుగు కాదు.

గిన్నెలో గానీ నేరుగా ముఖం మీద గానీ ఈ ముద్దను నురుగుగా మార్చుకోవచ్చు. కొత్తవాళ్లకు గిన్నె మంచిది, లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది. బ్రష్ కొసలను నీళ్లకు తాకించి, ఆ రెండు మూడు చుక్కలతో పదిహేను సెకన్లు తిప్పండి. మళ్లీ చుక్కలు, మళ్లీ తిప్పడం. ఇలా నాలుగైదు సార్లు. నీళ్లు ఒకేసారి పోస్తే మళ్లీ మొదటికొస్తుంది. నీళ్లు తక్కువైతే నురుగు సున్నం పూసినట్టు మెరుపు లేకుండా ఉంటుంది, ముఖం మీద పొలుసుగా ఆరుతుంది. ఎక్కువైతే బుడగలు కంటికి కనిపిస్తాయి, మెడ మీదికి కారుతుంది. సరిగ్గా కుదిరినప్పుడు బుడగ కనిపించదు. పైన సన్నటి నిగనిగ ఉంటుంది. బ్రష్ ఎత్తితే కొస నిలబడి చివర కొద్దిగా వంగుతుంది.

కంటికి కనిపించేదాన్ని మాత్రమే నమ్మకండి. కొంచెం నురుగు బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి నొక్కి జరపండి. వేళ్లు ఒకదాన్నొకటి పట్టుకోకుండా జారిపోవాలి. బ్లేడుకు కావలసింది ఆ జారుడు. గిన్నె నిండా పొంగి జారుడు లేని నురుగు కన్నా, పలచగా ఉన్నా జారే నురుగు వెయ్యి రెట్లు నయం. సబ్బుకు మార్కులు వేయవలసి వస్తే నేను ముందు జారుడుకు వేస్తాను, తర్వాత ఆరకుండా నిలిచే సమయానికి, ఆ తర్వాత గడ్డం గీశాక చర్మం ఎలా ఉందన్నదానికి. పొంగుకు, వాసనకు చివర.

నురుగు ఆరిపోతోందని ఫిర్యాదు చేసేవాళ్లు ఇంట్లో పైకి చూడాలి. ఫ్యాను తిరుగుతుంటుంది. మే నెలలో ఫ్యాను ఆపడం కష్టమే, నాకూ తెలుసు. ఆ అయిదు నిమిషాలు ఆపండి. లేదా ఒక వైపు బుగ్గకే పూసి, గీసి, తర్వాత రెండో వైపుకు వెళ్లండి.

గీత

రేజర్ పిడిని చివర వేళ్లతో తేలికగా పట్టుకోండి. రేజర్ తల బుగ్గకు ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించుతూ ఉంటే బ్లేడు తగిలే చోటు తెలుస్తుంది. చర్మానికీ బ్లేడుకూ మధ్య సుమారు 30 డిగ్రీల కోణం ఉండాలి. ఒత్తిడి పెట్టకూడదు. రేజర్ బరువు తన పని తాను చేస్తుంది. మూడు, నాలుగు బ్లేడ్ల రేజర్లకు అలవాటైన చెయ్యి ఇక్కడ తెలియకుండానే నొక్కుతుంది. తెగేది అందుకే.

మొదటి వారం వాలు వెంట ఒక్కసారి గీయండి, అక్కడితో ఆపండి. రెండో వారం మళ్లీ నురుగు పూసి అడ్డంగా ఒకసారి. ఎదురు గీత అందరికీ అవసరం లేదు. ఉంగరాల వెంట్రుకలున్నవాళ్లు ఎదురు గీస్తే తెగిన కొస చర్మం లోపలికి మళ్లి పొక్కు కడుతుంది. వాళ్లు అడ్డంతోనే ఆగడం మంచిది. నురుగు లేని చోట రెండోసారి బ్లేడు ఆనించవద్దు.

బ్లేడు ఎన్నిసార్లు వస్తుందన్నది గడ్డం మందాన్ని బట్టి ఉంటుంది. నాకు నాలుగు. అయిదోసారి లాగడం మొదలవుతుంది. కొత్త సబ్బును పాత బ్లేడుతో పరీక్షించడం సబ్బుకు అన్యాయం. ఒకరి బ్లేడు ఇంకొకరు వాడవద్దు, అన్నదమ్ములైనా సరే. రక్తం ద్వారా హెపటైటిస్ బి లాంటివి అంటుకుంటాయి. సెలూన్‌లో కూర్చున్నప్పుడు కూడా మన కళ్ల ముందే కొత్త బ్లేడు వేయమని అడగడానికి మొహమాటపడకండి. వాడిన బ్లేడ్లు చెత్త ఎత్తేవారి చేతులు కోయకుండా మూతకు చీలిక పెట్టిన రేకు డబ్బాలో వేయండి.

పటిక

గీయడం అయ్యాక చల్లటి నీళ్లతో కడిగి, తడి ముఖం మీద పటికను ఒకసారి నడిపించండి. పొటాషియం, అల్యూమినియం కలిసిన సల్ఫేటు ఇది. చర్మం పైపొరను కొద్దిగా బిగిస్తుంది, చిన్న గాట్ల నుంచి వచ్చే రక్తాన్ని ఆపుతుంది. బురద నీళ్ల బిందెలో నాలుగు చుట్లు తిప్పి తేట చేసుకునే పటిక, గడ్డానికి రాసే పటిక ఒకటే. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేయడానికి రూపొందించి, మన జిల్లా పేరుతో ‘నల్గొండ టెక్నిక్’ అని పిలిచే పద్ధతిలోనూ సున్నంతో పాటు వేసేది పటికే. మన జిల్లా నీళ్లతోనూ, ముఖంతోనూ దానికి ఇంత చుట్టరికం ఉన్నందుకు నాకు ఆ ముక్క మీద ప్రత్యేకమైన గౌరవం.

కిరాణా కొట్టు పటికకు అంచులు పదునుగా ఉంటాయి. తడి బండ మీద రుద్ది గుండ్రంగా చేసుకోండి. సబ్బును పరీక్షించడంలో పటిక చేసే ఇంకో సాయం ఉంది. ఎక్కడ బ్లేడు చర్మాన్ని గీరిందో అక్కడ మాత్రమే చురుక్కుమంటుంది. ముఖమంతా చురుక్కుమంటే నురుగులో జారుడు లేదని అర్థం. ఒక్క దవడ కింద మాత్రమే అయితే కోణం తప్పింది, అది సబ్బు తప్పు కాదు. ఒక నిమిషం ఉంచి, పక్కన పెట్టుకున్న మంచి నీళ్లతో కడిగేయండి. వదిలేస్తే చర్మం ఎండుతుంది.

ఆఫ్టర్ షేవ్

దీని వాసన ముందు, పని తర్వాత గుర్తొస్తాయి చాలామందికి. తెల్ల సీసా ఓల్డ్ స్పైస్ వాసన వస్తే నాన్నో, మామయ్యో గుర్తుకు రాని ఇళ్లు మన దగ్గర తక్కువ. మగవాళ్ల కోసం అది అమెరికాలో 1938లో బజారుకు వచ్చింది. అలాంటి ద్రవ రకాల్లో ఎక్కువ భాగం ఆల్కహాలు. అది ఆరిపోతూ చల్లబరుస్తుంది, క్రిముల్ని కొంత అదుపు చేస్తుంది, దానితో పాటు తేమను కూడా లాగేస్తుంది. కొన్నిటిలో చల్లదనం కోసం మెంథాల్ వేస్తారు. రెండో రకం బామ్. ఆల్కహాలు లేకుండా లేదా తక్కువగా, గ్లిజరిన్, నూనెలతో చిక్కగా ఉంటుంది. ఎండాకాలం చెమట పట్టే రోజుల్లో ద్రవం బాగుంటుంది. డిసెంబరు, జనవరిలో బుగ్గలు తెల్లగా పొలుసులు తేలేటప్పుడు బామ్. పొడి చర్మం ఉన్నవాళ్లకు ఏడాదంతా బామే.

పరీక్షించే వరుస ఇది. ముందు మోచేతి మడత లోపల ఒక చుక్క రాసి రెండు రోజులు చూడండి. సువాసన ద్రవ్యాలు పడకపోతే ఎరుపు, దురద వెంటనే రాకుండా ఒకటి రెండు రోజులు ఆగి కూడా రావచ్చు. ఏమీ కాకపోతే గడ్డం గీయని రోజు దవడ కింద ఒక చోట రాయండి. ఆ తర్వాతే గీసిన ముఖానికి. అరచేతిలో నాలుగైదు చుక్కలు చాలు. రెండు చేతులూ కలిపి రుద్ది, ముఖానికి అద్దాలి, రుద్దకూడదు. ఆల్కహాలు రకం కొన్ని సెకన్లు చురుక్కుమనడం మామూలే. నిమిషాలు గడిచినా మంట ఆగకపోయినా, దద్దులు లేచినా కడిగేసి ఆ సీసాను మళ్లీ ముట్టుకోకండి. తగ్గకపోతే చర్మవైద్యుడికి చూపించండి.

నిమ్మచెక్క రుద్దే అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. గడ్డం గీసిన ముఖానికి నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే, ఆ రసంలోని కొన్ని పదార్థాలు ఎండతో కలిసి చర్మాన్ని కాలుస్తాయి. నల్లటి మచ్చలు నెలల తరబడి మిగులుతాయి. మన ఎండలకు అసలు పనికిరాని అలవాటు అది. అత్తరు కూడా గీసిన చర్మం మీద వద్దు, చొక్కాకు రాసుకోండి.

సీసా కొనడం ఇష్టం లేనివాళ్లకు పటిక తర్వాత కొద్దిగా కలబంద గుజ్జు సరిపోతుంది. ఆకు కోశాక కారే పసుపు పచ్చని జిగురు పూర్తిగా పోయేలా కడిగి, లోపలి తెల్లటి గుజ్జు మాత్రమే తీసుకోవాలి. ఆ పసుపు జిగురు కొందరికి దురద పెడుతుంది.

నెల రోజుల పుస్తకం

ఒక పాత నోటుపుస్తకం తీసుకోండి. తేదీ, నీళ్లు ఎక్కడివి, బ్లేడు ఎన్నోసారి, సబ్బు మీద ఎన్ని సెకన్లు తిప్పారు, జారుడు ఎలా ఉంది, పటిక ఎక్కడ చురుక్కుమంది, సాయంత్రానికి చర్మం ఎలా ఉంది. ఒక్కో రోజుకు రెండు వరుసలు చాలు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకసారి ఒక్కటే మార్చాలి. సబ్బు, బ్లేడు, ఆఫ్టర్ షేవ్ మూడూ ఒకే రోజు మార్చి పొక్కులు తెచ్చుకుంటే తప్పు దేనిదో దేవుడికే తెలియాలి.

మొదటి వారం కొత్త సబ్బు, మంచి నీళ్లు, ఆ తర్వాత ఏమీ రాయకుండా. రెండో వారం పటిక చేర్చండి. మూడో వారం ఆఫ్టర్ షేవ్. నాలుగో వారం కావాలంటే ఒకరోజు బోరు నీళ్లతో చేసి తేడా చూడండి. కొత్త సబ్బు మొదటి రోజు కుదరకపోతే పారేయవద్దు. ఒక్కో సబ్బు ఒక్కో పాళ్లలో నీళ్లు అడుగుతుంది, అది చేతికి తెలియడానికి కనీసం ఆరేడు సార్లు పడుతుంది. అన్ని పాళ్లూ మార్చి చూశాక కూడా వేళ్ల మధ్య జారకపోతే అప్పుడు ఆ సబ్బును చేతులు కడుక్కోవడానికి పెట్టండి.

దాచుకోవడం

వాడిన బ్రష్‌ను మంచి నీళ్లతో కడిగి, విదిలించి, కొసలు కిందికి వేలాడేలా గానీ నిటారుగా గాలి తగిలే చోట గానీ పెట్టండి. స్నానాల గదిలో మూసిన అలమరలో పెడితే బూజు వాసన వస్తుంది. బోరు నీళ్లతో వాడిన బ్రష్ కొన్నాళ్లకు పోగుల కుదుళ్ల దగ్గర తెల్లగా గట్టిపడుతుంది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలిపి, అందులో పోగులను పది నిమిషాలు ఆడించి కడిగితే వదిలిపోతుంది.

సబ్బు మీద మిగిలిన నీళ్లు వంపేసి, పూర్తిగా ఆరాకే మూత పెట్టాలి. వానాకాలంలో ఒక రోజంతా మూత తీసే ఉంచండి. ఆఫ్టర్ షేవ్ సీసా ఆల్కహాలుతో చేసినది కాబట్టి పొయ్యి దగ్గర, దేవుడి దీపం దగ్గర పెట్టకూడదు. ఎండ పడే కిటికీలో పెడితే వాసన మారిపోతుంది. పటికను తడి ఆరాక పొడి గుడ్డలో చుట్టి పెట్టండి. కింద పడితే గాజులా పగులుతుంది, పగిలిన ముక్కను మళ్లీ బండ మీద రుద్దకుండా ముఖానికి ఆనించవద్దు.